కేన్సర్ పిల్లల కోసం మన డెల్టాలో రెండు రోజుల కాంపు: ఎలా చేస్తే బాగుంటుంది?

లంకలపిల్లోడు (కొత్తపేట)

అందరికీ నమస్కారమండి. మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో నలిగిన మాట ఇది. మాలో ఒకడి మేనకోడలికి బ్లడ్ కేన్సర్ వచ్చి విశాఖలో వైద్యం జరుగుతోంది. పాప ఇప్పుడు బాగానే ఉంది. ఆ వార్డులో మన గోదావరి జిల్లాల పిల్లలు చాలామంది కనిపించారట. వాళ్లని ఒకసారి ఇటు తీసుకొచ్చి రెండు రోజులు సరదాగా తిప్పుదామని తలా కొంత వేసుకుంటున్నాం.

ప్లాన్ ఇదీ: సంక్రాంతి వెళ్లాక, 60 మంది పిల్లలు, ఒక్కొక్కరికీ తోడు ఒకరు. మొదటి రోజు పాపికొండలు బోటు. రెండో రోజు కడియం నర్సరీల్లో పిల్లల చేత మొక్కలు నాటించడం, మధ్యాహ్నం అరిటాకు భోజనం, సాయంత్రం స్టేజీ ప్రోగ్రాం. టీషర్టులు, బ్యాగులు ఇస్తాం. ఎమ్మెల్యే గారిని పిలుద్దామని మావాళ్లు అంటున్నారు. ఇలాంటివి చేసినవాళ్లు, పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే సలహా చెప్పండి.

కీమోవార్డు_అక్క (విశాఖ)

తమ్ముడూ, పిల్లల్ని తలుచుకున్నందుకు సంతోషం. నేను పిల్లల కేన్సర్ వార్డులో నర్సుని. ఏమీ అనుకోకు గానీ, నీ ప్లాన్‌లో నాకు ఒక్కో లైనుకీ ఒక్కో ఇన్‌ఫెక్షన్ కనిపించింది.

మొక్కలు నాటించడం ముందు తీసెయ్. కీమో నడుస్తున్న పిల్లలకి తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. మట్టిలో, పశువుల ఎరువులో, కొబ్బరి పొట్టులో ఉండే బూజు మననేమీ చెయ్యదు. కౌంట్లు (ఆ కణాల సంఖ్య) లేని పిల్లాడి ఊపిరితిత్తుల్లోకి పోతే మాత్రం వారాల తరబడి మంచం దిగడు. కొందరికి చేతికో ఛాతీకో మందు ఎక్కించే గొట్టం (లైన్) బయటికి వేసి ఉంటుంది, అది తడవకూడదు. కొందరికి చర్మం కింద పోర్ట్ (మందు ఎక్కించడానికి అమర్చిన చిన్న డబ్బీ) ఉంటుంది, దానికి సూది పెట్టి లేకపోతే స్నానానికి ఇబ్బంది లేదు. గోదాట్లో దించే మాట మాత్రం ఎవరికీ వద్దు.

విన్‌క్రిస్టిన్ అని ఒక మందు ఉంది, బ్లడ్ కేన్సర్ పిల్లలకి చాలామందికి పడుతుంది. దాంతో పాదాలు పట్టు తప్పుతాయి. నడుస్తూనే తూలిపోతారు. అలాంటి పిల్లాణ్ణి పరుగు పందెంలో నిలబెట్టి ‘కమాన్ కమాన్’ అని చప్పట్లు కొడితే వాడికి అవమానమే మిగులుతుంది. ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నప్పుడు పడితే రక్తం ఆగదు కూడా. మెథోట్రెక్సేట్ అని ఇంకో కీమో మందు, అది వాడేవాళ్లకి ఎండ పడదు, చర్మం కమిలిపోతుంది. ఆ మెథోట్రెక్సేట్ మాత్రలు చాలామందికి వారానికి ఒక్కసారే. కంగారులో ఎవరైనా రోజూ వేసేశారంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని మందుల డబ్బాలు వాలంటీర్ల చేతికి ఇవ్వకండి. అమ్మ దగ్గరే ఉండాలి, నర్సు రాసుకోవాలి.

ఇంకోటి, ఆటలమ్మ. ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోసినా, తట్టు వచ్చినా, కనీసం జలుబు, దగ్గు ఉన్నా ఆ వాలంటీరు రాకూడదు. ఎంత దాత అయినా సరే.

లంకలపిల్లోడు

అక్కా, అయితే కాంపే వద్దంటావా?

కీమోవార్డు_అక్క

ఎక్కడన్నాను? బోటు, మట్టి, మైకు వద్దంటున్నాను.

డెల్టా_డాక్టర్ (రాజమండ్రి)

అక్క చెప్పినదానికి కొంచెం కలుపుతాను. నేను పిల్లల డాక్టరుని, కేన్సర్ స్పెషలిస్టుని కాదు. కానీ విశాఖలోనో హైదరాబాద్‌లోనో కీమో ఎక్కించుకుని ఊరికి వచ్చిన పిల్లలకి జ్వరం వస్తే అర్ధరాత్రి ముందు తలుపు తట్టేది మా దగ్గరే.

మామూలు పిల్లాడికి 100.4 ఫారెన్‌హీట్ అంటే పారాసిటమాల్ వేసి పడుకోబెడతాం. కౌంట్లు పడిపోయిన పిల్లాడికి అది ఎమర్జెన్సీ. ఆస్పత్రి గడప తొక్కిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి వెళ్లాలన్నది లెక్క. ఇప్పుడు పాపికొండల మధ్య బోటులో ఉన్నారనుకోండి. సిగ్నల్ ఉండదు, వెనక్కి రావడానికి గంటలు పడుతుంది. పైగా 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది మన జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. లంకల్లో రిసార్టు కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. చూడటానికి అందంగానే ఉంటుంది, అర్ధరాత్రి పంటు ఎవడు నడుపుతాడు?

కాబట్టి చోటు ఎంచుకునేటప్పుడు గోదారి ఎంత బాగా కనిపిస్తుందో తర్వాత చూడండి. పిల్లల ఐసీయూ ఉన్న ఆస్పత్రికి రోడ్డు మీద అరగంటలో చేరగలమా, అది ముందు చూడండి. రాజమండ్రి చుట్టుపక్కలో, కాకినాడ చుట్టుపక్కలో అయితే కుదురుతుంది. ఆ ఆస్పత్రితో ముందే మాట్లాడుకుని, ప్రతి పిల్లాడి ట్రీట్‌మెంట్ కాగితాల జిరాక్స్ ఒక ఫైల్లో పెట్టుకోవాలి. ఎవరు రావచ్చో మీరు తేల్చకండి. వాళ్లకి వైద్యం చేసే డాక్టరు రాసిచ్చినవాళ్లే రావాలి, ఆ వారం చేయించిన రక్త పరీక్ష చేతిలో ఉండాలి. మెయింటెనెన్స్‌లో (కీమో చివరి దశ, ఎక్కువగా మాత్రలతో నడుస్తుంది) ఉన్నవాళ్లు, వైద్యం పూర్తయినవాళ్లు ఎక్కువగా వస్తారు. మొదటిసారికి 60 మంది వద్దు. 10, 12 కుటుంబాలు చాలు.

లెక్కలమాస్టారు (భీమవరం)

నేను అడగబోయేది ఎవరికీ నచ్చదు, అయినా అడుగుతాను. రెండు రోజుల సరదాకి అయ్యే లక్షలతో ఒక పిల్లాడి మందులు కొనొచ్చు కదా? ఆస్పత్రి పక్కన గది అద్దె కట్టొచ్చు కదా? సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ వాళ్లు 2006లో ముంబయిలో మొదలుపెట్టి, వైద్యానికి వచ్చిన పిల్లల కుటుంబాలకు ఉచితంగా బస ఇస్తున్నారు. హైదరాబాద్‌లోనూ ఉంది. దాన్ని సాయం అంటారు. బోటు ఎక్కించి ఫొటోలు తీసుకోవడాన్ని టూరు అంటారు.

బుజ్జిగాడి_అమ్మ (ముమ్మిడివరం దగ్గర)

మాస్టారూ, మీరు అన్నది తప్పనను. కానీ నా మాట కూడా వినండి.

మా బాబుకి ఆరేళ్లు. కీమో మెయింటెనెన్స్‌కి వచ్చింది. ఆపరేషన్లూ, ఇంజెక్షన్లూ ఆరోగ్యశ్రీలో అయ్యాయి (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు). కార్డులోకి రానివి వేరే ఉన్నాయి. మా ఆయన కొబ్బరి దింపుకి వెళ్తారు. విశాఖలో ఉన్న రోజుల్లో ఆ కూలి లేదు. గది అద్దె, ఆటో, బయటి తిండి. పెద్దపిల్లని మా అమ్మ దగ్గర వదిలాం. మీరు చెప్పిన బస లాంటిది దొరికితే కళ్లకద్దుకుంటాం.

అయితే డబ్బుతో పోనిది ఒకటి ఉంది. జబ్బు అని తెలిసినప్పటినుంచీ మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ బాబుని చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లే. స్కూల్లో చేర్చబోతే, మిగతా పిల్లలకి అంటుకుంటుందేమోనని ఒక ఏడాది ఆగమన్నారు. కేన్సర్ అంటుకోదని డాక్టరు రాసిచ్చినా వాళ్ల భయం వాళ్లది. వీధిలో పిల్లల్ని వాళ్ల అమ్మలు పిలిచేసుకుంటారు. వాడితో ఆడేది నేనూ, వాడి ఫోనూ. మందులు కొనిస్తే ఈ లోటు తీరదండి. వాడిలాంటి ఇంకో నలుగురు పిల్లలు, గుండు చూసి అడగనివాళ్లు, వాళ్లతో రెండు రోజులు ఆడుకుంటే చాలు.

నా మట్టుకు నేను చెప్పాలంటే, ఎవరైనా నర్సు ‘రెండు గంటలు నేను చూసుకుంటాను, నువ్వు పడుకో’ అంటే ఆ కాంపుకి నడిచైనా వస్తాను. స్టేజీలూ బ్యాగులూ మాకెందుకు?

లెక్కలమాస్టారు

అమ్మా, ఆ మాట నాకు తట్టలేదు. ఖర్చు సంగతి మాత్రం నేను వదలను. ఎంత దేనికి అయిందో ఇక్కడ పెట్టాలి.

పేరూరు_టు_డబ్లిన్

మాస్టారి ప్రశ్న ప్రతి దేశంలోనూ వచ్చిందే. అమెరికా నటుడు పాల్ న్యూమన్ 1988లో కనెక్టికట్‌లో హోల్ ఇన్ ద వాల్ గ్యాంగ్ కాంప్ పెట్టాడు. కేన్సర్, రక్త సంబంధమైన పెద్ద జబ్బులున్న పిల్లలు ఆస్పత్రి గొడవ మర్చిపోయి కాస్త అల్లరి చెయ్యడానికి ఒక చోటు ఉండాలని ఆయన పంతం. కుటుంబాల దగ్గర పైసా తీసుకోరు. నేనుండే ఐర్లండ్‌లో ఆ దారిలోనే 1994లో బారెట్స్‌టౌన్ మొదలైంది, కిల్డేర్ కౌంటీలో పాత కోట అది. ఇలాంటివి ఇప్పుడు చాలా దేశాల్లో సీరియస్‌ఫన్ అనే గొడుగు కింద నడుస్తున్నాయి.

వాళ్ల పద్ధతిలో మనకి పనికొచ్చేవి చెప్తాను. డాక్టర్లు, నర్సులు రాత్రీ పగలూ అక్కడే ఉంటారు, కానీ తెల్లకోటు కనబడదు. మందుల గది ఆస్పత్రిలా ఉండదు. ఏ ఆటకీ బలవంతం లేదు. గోడ ఎక్కే ఆట ఉంటే, ఎంతవరకు ఎక్కాలో పిల్లాడే చెప్తాడు. మొదటి మెట్టు మీద చెయ్యి వేసి దిగిపోయినా వాడి ఇష్టం. ఓడినవాడు, గెలిచినవాడు ఉండడు. అన్నిటికంటే నాకు నచ్చింది, జబ్బు పిల్లలకే కాదు, వాళ్ల అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ విడిగా కాంపులు పెడతారు. పిల్లాణ్ణి పోగొట్టుకున్న కుటుంబాలకి కూడా.

మన దగ్గర కోటా లేదు, అంత డబ్బూ లేదు. ఈ పద్ధతులకి మాత్రం డబ్బు అక్కర్లేదు.

కడియం_పచ్చ

నర్సరీ వాణ్ణండి. మొక్కలు వద్దన్నారని నొచ్చుకోలేదు, ఆయ్. మట్టి తగలని కొత్త కుండీలు కడిగించి పంపుతాను, పిల్లలు రంగులు వేసుకోవచ్చు. ఆరాక ఇంటికి పట్టుకెళ్తారు. మొక్క సంగతి వాళ్ల డాక్టరు సరే అన్నాక చూద్దాం, ఏడాది ఆగినా నా దగ్గర మొక్కలు ఎక్కడికీ పోవు.

ఒకప్పటి_పేషెంట్ (పాలకొల్లు)

నాకు చిన్నప్పుడు లుకేమియా. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాను. ఇక్కడ పెద్దవాళ్లందరూ మాట్లాడారు కాబట్టి పిల్లల తరఫున నేను.

మాకు ‘పాపం’ అనే మాట వినపడకూడదు. స్పీచుల్లో ‘ఈ చిన్నారి యోధులు’ అంటారు చూడండి, అది కూడా వద్దు. యుద్ధం చెయ్యాలని మేమేం అనుకోలేదు, సూది గుచ్చితే ఏడ్చాం అంతే. మా వార్డుకి ఒకసారి ఎవరో పళ్లు పంచడానికి వచ్చారు. వాంతి చేసుకున్న నన్ను లేపి కూర్చోబెట్టి, చేతిలో ఆపిల్ పెట్టి ఫొటో తీశారు. ఫొటో సరిగ్గా రాలేదని రెండోసారి పెట్టారు. ఆపిల్ మాత్రం పక్క మంచానికి వెళ్లింది.

కాబట్టి ఎమ్మెల్యే గారు వద్దు. కెమెరా వద్దు. ఫ్లెక్సీ అసలే వద్దు. ఆ పిల్ల రేపు పదో తరగతి చదువుతుంది, పెళ్లి సంబంధాలు వస్తాయి. గుండుతో ఉన్న ఫొటో ఫేస్‌బుక్‌లో అప్పటికీ ఉంటుంది.

పిల్లలకి నన్ను చూపించండి. అది కావాలి. నాకు ఎనిమిదేళ్లప్పుడు, ఈ జబ్బు వచ్చి తగ్గిన మనిషిని ఒక్కణ్ణి కూడా చూడలేదు. నా బెడ్ పక్కన ఖాళీ అయిన బెడ్లు మాత్రం చూశాను. వైద్యం అయిపోయి బైకు నడుపుకుంటూ తిరిగేవాడు ఒకడుంటాడని తెలిస్తే నేను అంత భయపడేవాణ్ణి కాదు. మా అమ్మ కూడా.

డెల్టా_డాక్టర్

పాలకొల్లు తమ్ముడు చెప్పింది వైద్యానికి కూడా పనికొచ్చే మాట. డబ్బున్న దేశాల్లో కేన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతం పైగా బతుకుతున్నారు. పేద, మధ్య ఆదాయ దేశాలు చాలావాటిలో అది 30 శాతం కూడా దాటడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. 2030 నాటికి అన్నిచోట్లా కనీసం 60కి తేవాలని 2018లో ఒక కార్యక్రమం కూడా పెట్టుకున్నారు. జబ్బు ఆలస్యంగా తెలియడం ఒక కారణం. మధ్యలో మానేయడం ఇంకోటి. బ్లడ్ కేన్సర్ వైద్యం చాలామంది పిల్లలకి రెండు మూడేళ్లు సాగుతుంది. మొదటి నెలల్లోనే పిల్లాడు లేచి ఆడుకుంటాడు. ఇంట్లోవాళ్లు తగ్గిపోయిందనుకుంటారు. నాట్లు వచ్చాయనో, రొయ్యల పట్టుబడి ఉందనో ఒక విడత ఎగ్గొడతారు. ఆడపిల్ల అయితే ఇంకా తొందరగా ఆపేస్తారు, చెప్పడానికి సిగ్గుగా ఉంది. తిరిగి వచ్చేసరికి జబ్బు ముదురుతుంది.

కాంపు వల్ల కేన్సర్ తగ్గదు. కానీ వైద్యం పూర్తి చేసుకున్న కుటుంబం పక్కన కూర్చుని ‘మేమూ ఆపేద్దామనుకున్నాం’ అని ఒక తండ్రి ఇంకో తండ్రికి చెప్తే, అది నేను చెప్పేదానికంటే బాగా ఎక్కుతుంది. మాస్టారూ, ఖర్చు లెక్కలో దీన్ని కూడా వేసుకోండి.

చెరువుగట్టు

మా అమ్మాయి లేదు. రెండేళ్లు దాటింది. ఇలాంటి కాంపులకి మాలాంటివాళ్లని పిలవరు, మిగతావాళ్లు భయపడతారని. అర్థం చేసుకోగలను. కానీ మా అబ్బాయి ఉన్నాడు, ఇప్పుడు ఎనిమిదో తరగతి. చెల్లి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ వాణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. నేనూ మా ఆవిడా చెల్లితోనే ఉన్నాం. వాడు ఇప్పటికీ ఏమీ మాట్లాడడు. డబ్లిన్ ఆయన రాసింది చదివాక అడుగుతున్నాను. వాడికి చోటు ఉంటుందా?

కీమోవార్డు_అక్క

అన్నా, ఉంటుంది. ఈ కాంపుకి కాదు. వైద్యంలో ఉన్న పిల్లల మధ్యకి తెస్తే వాడికే కష్టం. మీలాంటి కుటుంబాలని విడిగా ఒక పూట కలుపుదాం. మాకు తెలిసినవాళ్లలో ఇంకా కొందరు ఉన్నారు, వాళ్లూ ఇదే అడుగుతారు. మా ఆస్పత్రి కౌన్సెలర్‌తో మాట్లాడి మీకు మెసేజ్ పెడతాను.

పేరూరు_టు_డబ్లిన్

ఆ పూట ఖర్చు నాది.

నిర్వాహకుడు

ఈ చర్చలో ఎవరూ పిల్లల పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లు, ఆస్పత్రి రిపోర్టులు పెట్టకండి. రెండు పోస్టులు తీసేశాను. విరాళాల ఖాతా నంబర్లు కూడా ఇక్కడ వద్దు.

గౌతమి_ప్యాసింజర్

ప్రయాణాల గురించి ఒక మాట. రైల్లో కేన్సర్ పేషెంటుకి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో పూర్తి రాయితీ, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం. ఆస్పత్రి ఇచ్చే సర్టిఫికెట్ తీసుకుని కౌంటర్ దగ్గర టికెట్ తీయాలి. చాలామందికి ఇది తెలియక ఫుల్ టికెట్ కొంటున్నారు. అయితే అది వైద్యానికీ, చెకప్‌కీ వెళ్లడానికే. కాంపుకి రావడానికి వాడితే కుదరదు. అమలాపురం వైపు వాళ్లకి ఎలాగూ రైలు లేదు కాబట్టి మీరే ఇంటి దగ్గరనుంచి కార్లు పెట్టండి. రావులపాలెం దాకా బస్సులో రండి అంటే, కిక్కిరిసిన బస్సులో దగ్గేవాడి పక్కన నిలబడి రావాలి ఆ పిల్లాడు.

లంకలపిల్లోడు

నాలుగు రోజులు మావాళ్లతో గట్టిగానే వాదించుకున్నాం. మారిన ప్లాన్ ఇది.

12 కుటుంబాలు. అమ్మా నాన్నా అన్నాచెల్లీ అందరూ రావచ్చు. చోటు రాజమండ్రి దగ్గర ఒక గెస్ట్‌హౌస్, డాక్టర్ గారు చూసి సరే అన్నారు. ఇంటి దగ్గరనుంచి కార్లు. కూలి పోయేవాళ్లకి రెండు రోజుల కూలి కవరులో పెట్టి ముందే ఇస్తాం, అది మాస్టారి మాట. బోటు లేదు, ఎండ తగ్గాక గట్టు మీద కూర్చోవడం ఉంది. కుండీలకి రంగులు. సాయంత్రం తోలుబొమ్మలాట, మాధవపట్నం కళాకారుల్ని అడుగుతున్నాం. తెర వెనక బొమ్మ ఆడించే అవకాశం కూడా పిల్లలకి ఇస్తామన్నారు. టీషర్టుల మీద ‘కేన్సర్’ అన్న మాట ఉండదు. ఎమ్మెల్యే గారికి కబురు పంపలేదు. మావాళ్లలో ఇద్దరు అలిగి చందా వెనక్కి తీసుకున్నారు, పోనివ్వండి.

వాలంటీర్లు ఎనిమిది మందే. ఎవరూ ఏ బిడ్డతోనూ ఒంటరిగా గదిలో ఉండకూడదని రాసుకున్నాం. అక్క సెలవు పెట్టి వస్తోంది, ఇంకో నర్సు కూడా. దోమలకి కిటికీ మెష్‌లు, రాత్రి దోమతెరలు.

మిగిలింది వంట. దీని మీదే టెన్షన్.

కీమోవార్డు_అక్క

వంటకి సూటిగా చెప్తాను. పచ్చిది ఏదీ వద్దు. పెరుగు పచ్చళ్లు, కోసి పెట్టిన పళ్లు, బయటి చట్నీలు వద్దు. వండినది వండినట్టు వేడిగా పెట్టాలి, ఉదయం సాంబారు సాయంత్రం వద్దు. నీళ్లు కాచినవి. అరిటాకు పెడితే వేడినీళ్లతో కడిగి పెట్టండి, లేదా స్టీలు కంచాలు మేలు. కొబ్బరి బొండాం తాగాలని ఏడుస్తారు, పిల్లాడి డాక్టరు సరే అంటే మన ఎదురుగా కొట్టించి వెంటనే ఇవ్వొచ్చు. పూతరేకులు చేతులు ఎన్ని మారాయో తెలియదు, వద్దు.

స్టెరాయిడ్ మాత్రలు వేసుకునే వారంలో ఉన్న పిల్లలు ఒకరిద్దరు ఉండొచ్చు. వాళ్లకి రాత్రి పన్నెండింటికి ఆకలేస్తుంది, అప్పుడు అడిగింది దొరక్కపోతే ఇల్లు పీకి పందిరేస్తారు. పొయ్యి రాత్రంతా వెలిగేలా ఒక మనిషి కావాలి.

ఆత్రేయపురం_పిన్ని

పూతరేకులు వద్దన్నారు కదా, మరి నేనేం చెయ్యను? రాత్రి పొయ్యి దగ్గర నేను కూర్చుంటాను. ఎలాగూ నిద్ర పట్టదు నాకు. అప్పటికప్పుడు అట్లు వేస్తాను, వేడన్నంలో పప్పు కలిపి పెడతాను, పులిహోర కలుపుతాను.

బుజ్జిగాడి_అమ్మ

పిన్నీ, మావాడు అడిగేది పులిహోరే.

ఒకప్పటి_పేషెంట్

పులిహోరలో ఇంగువ వేయకండి పిన్నిగారూ. కీమో టైములో ఆ వాసన పడదు. పోపు కూడా పిల్లలు పడుకునే గదులకి దూరంగా పెట్టండి.

ఆత్రేయపురం_పిన్ని

అలాగే నాన్నా. పెరట్లో పొయ్యి పెట్టిస్తాను. గెస్ట్‌హౌస్ వాళ్లకి కట్టెల పొయ్యి అంటే అభ్యంతరమేమో, గ్యాస్ సిలిండర్ ఎవరు తెస్తారు?

లెక్కలమాస్టారు

సిలిండర్ నేను తెస్తాను. రసీదు పెడతాను.